మా మావయ్యగారి ఊరు

విశాఖపట్నం వచ్చినవాళ్ళని ఏం చూశారని అడగండి. రామకృష్ణా బీచ్, కైలాసగిరి, ఒడ్డున పెట్టిన జలాంతర్గామి, వీలైతే రైలెక్కి అరకు అని చెబుతారు. నేనూ అవన్నీ చూశాను. కాని పెళ్ళయి వచ్చిన మూడోరోజు నాకు ఈ ఊళ్ళో మొట్టమొదట చూపించినవి మాత్రం అవేవీ కావు.

నాది సామర్లకోట. 1998లో ఇంటర్మీడియట్ అయిన రెండేళ్ళకి పెళ్ళయింది. మావారిది వన్‌టౌన్. బురుజుపేట కనకమహాలక్ష్మి అమ్మవారి గుడికి నాలుగు సందుల అవతల రెండు గదుల పెంకుటిల్లు. మూడోరోజు పొద్దున్నే మా మావయ్యగారు తలకి తువ్వాలు చుట్టుకుని, "పద అమ్మీ, ఊరు సూపిస్తాను" అన్నారు. బీచ్‌కే కాబోలనుకుని పట్టుచీర కట్టుకుని, కొత్త చెప్పులు వేసుకుని బయల్దేరాను. ఆయన నన్నూ మావారినీ పాత పోస్టాఫీసు మీదుగా నడిపించి, ఒక కొండ మెట్లెక్కించారు. పైకెళ్ళేసరికి కొత్త చెప్పులు కరిచి కాళ్ళు బొబ్బలెక్కాయి.

కానీ అక్కడి నుంచి చూసినది మాత్రం ఈ రోజుకీ కళ్ళ ముందే ఉంది. కింద సన్నటి నీటి కాలవ. అటువైపు సముద్రంలోకి ముక్కు చాచినట్టున్న డాల్ఫిన్ నోస్ కొండ, దాని మీద లైట్‌హౌస్. ఆ కాలవలో మా సామర్లకోట రైల్వే స్టేషనంత పొడుగు ఓడ ఒకటి నిదానంగా లోపలికి వస్తోంది. చెయ్యి చాస్తే అందుతుందేమో అన్నంత దగ్గరగా!

ఇటు గట్టు మీద వరసగా మూడు చిన్న కొండలు. ఒకదాని మీద వెంకటేశ్వరస్వామి గుడి, ఒకదాని మీద మేరీమాత చర్చి, ఇంకోదాని మీద ఇసాక్ మదీనా దర్గా. "ముగ్గురు దేవుళ్ళూ పైన కూకుని ఓడల్ని సూసుకుంటారు. కింద బరువులు మోసీది మాత్రం మేవు" అన్నారు మావయ్యగారు. ఆయనకి దేవుడంటే భక్తి లేక కాదు. మార్గశిర గురువారాల్లో అర్ధరాత్రే లేచి, చన్నీళ్ళు పోసుకుని అమ్మవారి గుడి లైన్లో నిలబడేవారు. ఆ అమ్మవారికి నెత్తి మీద కప్పు లేదు, మనకీ ఆవిడకీ మధ్య పూజారి అక్కర్లేదు. ఎవరి చేత్తో వాళ్ళు పసుపూ కుంకుమా పెట్టుకోవచ్చు. "మన తల్లి కూడా మనలాగే ఎండలోనూ వానలోనూ ఉంటాది" అనేవారు.

మావయ్యగారు 1938లో పుట్టారు. సొంతూరు వన్‌టౌన్ కాదు. ఊరికి దక్షిణంగా, బాలచెరువు వైపు ఉన్న ఒక పల్లె. 1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు విశాఖ హార్బరు మీద బాంబులు వేసినప్పుడు ఆయనకి నాలుగేళ్ళు. ఆ చప్పుడుకి వాళ్ళమ్మ పిల్లల్ని చంకనేసుకుని తాటితోపులోకి పరుగెత్తిందట. పదిహేడేళ్ళకి ఊళ్ళో పొలం తమ్ముడికి వదిలేసి, పోర్టులో కూలికి వచ్చేశారు.

ఈ పోర్టు కథ చిత్రమైనది. మొదటి ఓడ జలదుర్గ 1933 అక్టోబరు 7న లోపలికి వచ్చింది. అదే డిసెంబరులో వైస్రాయి విల్లింగ్డన్ వచ్చి ప్రారంభోత్సవం చేశాడు. అంతకుముందు ఇక్కడ ఉప్పుటేరూ బురదా తప్ప ఏమీ లేవు. ఆ బురద తవ్వి, కాలవ తీసి, అలల పోటూ ఇసకా ఆపడానికి పాత ఓడలు రెండింటిని కావాలనే ముంచి అడ్డుకట్ట చేశారు. స్వాతంత్య్రం వచ్చాక దేశంలో కట్టిన మొదటి పెద్ద ఓడ 'జల ఉష' కూడా ఇక్కడి సింధియా యార్డులోనే, 1948 మార్చి 14న నెహ్రూగారి చేతుల మీదుగా నీళ్ళలోకి దిగింది. ఇవన్నీ మావయ్యగారు నాకు తేదీలతో సహా చెప్పేవారు. ఆయన చదువు మూడో తరగతి. తేదీలు మాత్రం రాతి మీద చెక్కినట్టు చెప్పేవారు.

ఆయన చేరిన రోజుల్లో మాంగనీసు రాయి, ఇనుప రాయి ఎక్కించడానికి ఇప్పుడున్న యంత్రాలు లేవు. తట్టలకెత్తి, నెత్తిన పెట్టుకుని, బల్ల మీదుగా నడిచి వెళ్ళాలి. మా అత్తయ్యగారు నవ్వుతూ చెప్పేవారు - సాయంత్రం ఆయన లుంగీ నానబెడితే, ఆ నీళ్ళ రంగు చూసి ఏ ఓడకి పనికెళ్ళారో తెలిసేదట. నల్లగా వస్తే మాంగనీసు, ఎర్రగా వస్తే ఇనుము. "తెల్లగా వొచ్చిన రోజు ఆ రోజు పని దొరకలేదన్నమాట. ఆ తెల్లనీళ్ళు సూస్తే నాకు గుండె గుబేలుమనేది" అనేవారు ఆవిడ. తర్వాత డాక్ లేబర్ బోర్డులో పేరు నమోదై, మేస్త్రీ అయి, 1996లో రిటైరయ్యారు. నలభై ఏళ్ళు బరువులు మోసిన మెడ మీద అరచెయ్యంత మందాన చర్మం మొద్దుబారి ఉండేది. పిల్లలు దాన్ని ముట్టుకుని ఆడుకునేవారు.

ఇంక ఆయన నోటి సంగతి. ఏ మాటకామాటే చెప్పుకోవాలి, అంత కటువుగా మాట్లాడే మనిషిని నేనింకొకర్ని చూడలేదు. ఉన్నదున్నట్టు ముఖం మీదే అనేయడం. మా పెళ్ళిచూపులకి వచ్చినప్పుడు మా నాన్నగారితో అన్న మాటలు మా ఇంట్లో ఇప్పటికీ చెప్పుకుంటారు. "మావాడికి పర్మనెంటు ఉజ్జోగం నేదు బాబూ. ప్రైవేటు కంపెనీలో గుమస్తా. ఇల్లు రెండు గదులు. వానొస్తే ఒక గది. స్టీలు ప్లాంటు ఉజ్జోగం ఒకటి మా ఇంటికొచ్చింది. వీడికియ్యలేదు, నానే ఇయ్యలేదు. ఇవన్నీ మీ పిల్లకి సెప్పి, అప్పుడు ఊఁ అనండి" అన్నారు. కాఫీ ఇవ్వడానికొచ్చి తలుపు వెనకాలే నిలబడిపోయాను. పక్కన మావారు తల దించుకుని నేల చూస్తున్నారు. మా నాన్నగారు మాత్రం, "దాచకుండా చెప్పాడు, ఈ ఇంట్లో ఆడపిల్లకి అన్యాయం జరగదు" అని సంబంధం ఖాయం చేసేశారు. ఆ ఉద్యోగం ఎందుకివ్వలేదో అడగాలని ఆయనకి తోచలేదు.

కాపరానికొచ్చిన వారానికి నేను మొదటిసారి ఎండు నెత్తళ్ళు వండాను. మా వైపు చేసినట్టు చింతపండు పులుసు పెట్టాను. మావయ్యగారు ఒక ముద్ద తిని, "బాగు నేదు" అన్నారు. నాకు కళ్ళనీళ్ళు తిరిగాయి. ఆయన మాత్రం పళ్ళెం ఖాళీ చేసి, చెయ్యి కడుక్కుని, "రేపు చింతచిగురు తెస్తాను, అత్తనడిగి నేర్సుకో" అని వెళ్ళిపోయారు. మర్నాడు నిజంగానే పూర్ణా మార్కెట్టు నుంచి పొట్లం తెచ్చారు. మీరూ చేసుకోవచ్చు, తేలికే. నెత్తళ్ళ తలలు గిల్లేసి, నూనె లేకుండా దోరగా వేయించి, వేడినీళ్ళలో రెండుసార్లు కడగండి. ఉల్లిపాయ, పచ్చిమిర్చి మగ్గాక చేపలు వేసి, పసుపూ కారం కలిపి, చింతచిగురు అరచేతుల్లో నలిపి చల్లండి. నీళ్ళు పొయ్యకూడదు. ఉప్పు చివర్లో చూసుకుని వేసుకోండి, చేపలోనే చాలా ఉంటుంది. అది వండిన రోజు ఆయన బాగుందని అనలేదు. అడిగి మరీ వడ్డించుకున్నారు, అంతే.

యూనియను మీటింగుల్లోనూ అదే ధోరణి. నాయకుడొకాయన కొత్త కారులో దిగితే, అందరి ముందూ "మా సందాలతోనేనేటి?" అని అడిగేశారట. దాంతో మేస్త్రీ పదవి రెండేళ్ళు వెనక్కి పోయింది. అత్తయ్యగారు ఆ రెండేళ్ళ జీతం తేడా పైసలతో సహా లెక్క కట్టి చెప్పేవారు.

ఏటా నవంబరు 1 వస్తే మాత్రం ఆయన నోరు విప్పేవారు కాదు. రేడియోలో రాష్ట్రావతరణ పాటలు వస్తుంటే కట్టేసి, అరుగు మీద కూర్చునేవారు. ఎందుకో మొదటి ఏడాది తెలియలేదు. రెండో ఏడాది ఆయనే చెప్పారు.

ఆంధ్రాలో ఉక్కు ఫ్యాక్టరీ పెట్టాలని 1966లో పెద్ద ఉద్యమం నడిచిన సంగతి మీ ఇళ్ళల్లో పెద్దవాళ్ళకి గుర్తుండే ఉంటుంది. గుంటూరు జిల్లా తాడికొండ నుంచి టి. అమృతరావుగారు ఇక్కడికి వచ్చి అక్టోబరులో ఆమరణ నిరాహారదీక్షకి కూర్చున్నారు. తెన్నేటి విశ్వనాథంగారు అఖిలపక్షానికి పెద్దదిక్కు. బీచ్ రోడ్డులో ఆయన పేరున పార్కుంది, చాలామంది అక్కడ ఐస్‌క్రీము తిని వచ్చేస్తారు గాని ఆయనెవరో పిల్లలకి తెలియదు. 'విశాఖ ఉక్కు - ఆంధ్రుల హక్కు' అని గోడ గోడకీ రాశారు. స్టూడెంట్లు, రిక్షావాళ్ళు, పోర్టు కూలీలు, అందరూ రోడ్డు మీదే. నవంబరు 1న విశాఖలో పోలీసు కాల్పులు జరిగాయి. ఆ ఉద్యమంలో రాష్ట్రమంతా కలిపి 32 మంది చనిపోయారు.

ఆ రోజు మావయ్యగారు గుంపులో ఉన్నారు. ఇరవై ఎనిమిదేళ్ళ వయసు. "పటాకీలనుకున్నాం అమ్మీ. ముందరోళ్ళు పడిపోతే గాని తెలీలేదు. నాను పరిగెట్టినాను. ఒక సెప్పు అక్కడే ఒగ్గేసి పరిగెట్టినాను" అన్నారు. అంత ధైర్యం గల మనిషి పరుగెత్తానని చెప్పడానికి ఎంత సిగ్గుపడ్డారో! పరుగెత్తకపోతే మేమెవరం ఉండేవాళ్ళం అని అత్తయ్యగారు గయ్యిమన్నారు.

1970 ఏప్రిల్ 17న ఇందిరాగాంధీ పార్లమెంటులో విశాఖకి ఉక్కు ఫ్యాక్టరీ ఇస్తున్నామని ప్రకటించారు. 1971 జనవరి 20న శంకుస్థాపన చేశారు. ఎక్కడో తెలుసా? బాలచెరువు దగ్గర. అంటే మావయ్యగారి సొంత పల్లె పక్కనే.

ఫ్యాక్టరీకి పోయినవి 64 గ్రామాలు. పదహారు వేలకి పైగా కుటుంబాలు. కొబ్బరితోటలూ, జీడిమామిడీ, సరుగుడుతోపులూ, చోడి చేలూ ఉన్న నేల. కుటుంబానికి ఒక కార్డు చొప్పున ఇచ్చారు. ఆర్ కార్డు అంటారు దాన్ని. ఆ కార్డు మీద ఇంటికొక ఉద్యోగం. కార్డున్న వాళ్ళలో ఉద్యోగం దొరికింది సగం మందికి అటూ ఇటూగా. మా తాతమావగారి పేరున ఉన్న కార్డుకి 1990లో పిలుపు వచ్చింది. మొదటి కొలిమి 'గోదావరి'ని వెలిగించిన ఏడు. (ఆ కొలిములకి గోదావరి, కృష్ణ, 2012లో వచ్చిన మూడోదానికి అన్నపూర్ణ అని పేర్లు పెట్టారు. నిత్యం మండే పొయ్యికి అన్నపూర్ణ పేరు పెట్టిన వాళ్ళెవరో గాని నాకు నచ్చారు.)

తాతమావగారు అప్పటికి లేరు. ఇంటికి పెద్ద మావయ్యగారే. అర్హులు ఇద్దరు మనవలు. ఒకరు మావారు, పద్దెనిమిదేళ్ళు, ఐటిఐ ఫిట్టరు ట్రేడులో ఉన్నారు. ఇంకొకరు మావయ్యగారి తమ్ముడి కొడుకు, మా బావగారు, ఇరవై ఏళ్ళు, పదో తరగతితో ఆపేశారు. ఎవరికి రావాలో ఊరంతటికీ తెలుసు. మావయ్యగారు బావగారి పేరు రాయించి వచ్చారు. ఇంట్లో ఎవర్నీ అడగలేదు. అత్తయ్యగారు రెండ్రోజులు పొయ్యి వెలిగించలేదట. మావారు ఏమీ అనలేదు. ఐటిఐ పూర్తి చేసి, పోర్టులో సరుకు దించి పంపే ఒక ప్రైవేటు కంపెనీలో గుమస్తాగా చేరిపోయారు. చిన్నాన్న పేరుగాని, అన్న పేరుగాని ఇంట్లో ఎత్తడం మానేశారు.

నేను కూడా మనసులో పెట్టుకునే కాపరం చేశాను. దాచడం దేనికి? బావగారికి ఉక్కునగరంలో క్వార్టరు, పిల్లలకి స్కూలు, ఆస్పత్రి. మాకు వానొస్తే ఒకే గది. పండక్కి వాళ్ళింటికి వెళ్ళి వచ్చినప్పుడల్లా నాలుగు రోజులు నాకు అన్నం సహించేది కాదు.

2003లో మావారి కంపెనీ మూతపడింది. ఎనిమిది నెలలు ఇంట్లో జీతం లేదు. పెద్దదానికి మూడేళ్ళు, చిన్నవాడు కడుపులో. నా గాజులు కురుపాం మార్కెట్టులో కుదువ పెట్టి వచ్చిన రోజు, మావయ్యగారు ఎప్పటిలాగే "చారులో పప్పు తేలుతా నేదు" అన్నారు. నాకెక్కడి నుంచి వచ్చిందో కోపం, గరిటె విసిరికొట్టి, "ఆ ఉద్యోగం మీ కొడుక్కిచ్చి ఉంటే పప్పూ తేలేది, నెయ్యీ తేలేది!" అనేశాను. ఇల్లంతా నిశ్శబ్దం. జీవితంలో ఎవరికీ మాట అప్పుంచని మనిషి, తల వంచుకుని ఆ చారే పోసుకుని తిన్నారు. చెయ్యి కడుక్కుని బయటికి వెళ్ళిపోయారు.

మర్నాడు రాత్రి భోజనాల వేళకి ఆయన ఇంట్లో లేరు. కాన్వెంటు జంక్షన్ దగ్గర ఒక గోడౌన్లో రాత్రి కాపలాకి కుదిరారట. అరవై అయిదేళ్ళ వయసులో, పెన్షను వస్తున్న మనిషి! మావారికి మళ్ళీ పని దొరికేదాకా, దొరికాక మరో ఆరు నెలలూ వెళ్ళారు. నెల మొదట్లో జీతం నా చేతిలో పెట్టేవారు. ఏమీ అనేవారు కాదు. నేనూ ఏమీ అనలేదు. ఆ డబ్బుతో గాజులు విడిపించుకున్నాను. వేసుకోవడానికి మాత్రం చాలాకాలం చెయ్యి రాలేదు.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చి మా పెంకులన్నీ ఎగరగొట్టినప్పుడు, డెబ్భై ఆరేళ్ళాయన అందరికంటే ముందు పైకెక్కి టార్పాలిన్ కట్టారు. దిగమని కింద నుంచి నేను అరుస్తుంటే, "ఓడ మీద గాలి ఇంతకన్నా జోరు" అన్నారు. సరే, ఆయన పనితనం గురించి చెప్పుకుంటూ పోతే తెల్లారుతుంది.

నేను చెప్పదలుచుకున్నది అప్పికొండ సంగతి. స్టీలు ప్లాంటుకి ఆనుకుని సముద్రం ఒడ్డున పాత శివాలయం ఉంది, సోమేశ్వరస్వామి. చుట్టూ పల్లెలు పోయినా గుడి మిగిలింది. శివరాత్రికి చెదిరిపోయిన మా వాళ్ళంతా అక్కడే కలుస్తారు. అగనంపూడి నుంచి, వడ్లపూడి నుంచి, గాజువాక నుంచి, నిర్వాసితుల కాలనీలన్నిటి నుంచీ వస్తారు. తలస్నానం చేసి, దర్శనం చేసుకుని, ఇసకలో కూర్చుని మీ ఇల్లు ఫలానా చింత దగ్గర కదూ, మీ బావి ఫలానా గట్టు కింద కదూ అని చెప్పుకుంటారు. ఆ చింతా లేదు, బావీ లేదు. వెనక్కి తిరిగి చూస్తే పొగగొట్టాలు.

2021లో శివరాత్రి మార్చి 11న వచ్చింది. ఆ ఏడు జనవరి 27న స్టీలు ప్లాంటుని ప్రైవేటు వాళ్ళకి అమ్మాలని కేంద్రం నిర్ణయించింది. ఊరంతా అట్టుడికిపోతోంది. కూర్మన్నపాలెం జంక్షన్‌లో దీక్షా శిబిరం. మావయ్యగారికి ఎనభై మూడు. మోకాళ్ళు వంగవు. అయినా ఆటోలో ఎక్కించుకుని అప్పికొండ తీసుకెళ్ళమన్నారు. మావారు డ్యూటీ ఉందన్నారు. ఏ శివరాత్రికీ ఆయనకి డ్యూటీ ఉండేది. నేనూ పిల్లలూ బయల్దేరాం.

దర్శనమయ్యాక మావయ్యగారు ఎవరితోనో వాదించుకుంటూ ముందుకి వెళ్ళిపోయారు. నేనూ చినత్తయ్యా ఇసకలో కూర్చున్నాం. ఆవిడ బావగారి తల్లి. తక్కువ మాటల మనిషి. ఉడకబెట్టిన చిలగడదుంప తొక్క తీసి మా చిన్నవాడికి పెడుతూ, ఉన్నట్టుండి, "నీకు ఈ మనిషి మీద ఇంకా కోపమేనా?" అని అడిగింది. నేను మాట్లాడలేదు.

అప్పుడు చెప్పింది. నోటీసులు వచ్చినప్పుడు చినమావయ్యగారు పొలం ఇవ్వనన్నారట. ఊళ్ళో చాలామంది అలాగే అన్నారు. మావయ్యగారు ఒక ఆదివారం పట్నం నుంచి వచ్చి, రచ్చబండ మీద నిలబడి, ఫ్యాక్టరీ కావాలని అరిచి, ప్రాణాలు పోగొట్టుకుని సాధించుకుంటే, ఇప్పుడు నా నేల మీద వద్దంటారా, మరి సముద్రం మీద కడతారా అని అందర్నీ కడిగేశారట. ఆయన మాటకి ఎదురు చెప్పగలవాళ్ళు లేరు. "మా ఇంటాయన అన్న మాట కాదన్లేక ఏలిముద్ర ఏసేసినాడు. కాలనీకి ఎల్లాక సెయ్యడానికి పని నేదు. నాగలి తప్ప ఏటీ తెలీదు కదా. ఆ ప్లాంటు కట్టిన కాడే మట్టి మోసినాడు. మా పొలం కాడే కొన్నాళ్ళు మోసినాడు. మూడేళ్ళకి మంచం పట్టి పోనాడు. పిల్లడికి పద్నాలుగేళ్ళు. సావు దగ్గర మీ మావ ఒక్కటే మాట అన్నాడు - నా నోరే నిన్ను సంపీసింది తమ్మీ, అని" అంది.

మాట ఆగిపోయాక ఆవిడ మళ్ళీ దుంప తొక్క తీసుకుంటూ కూర్చుంది. నాకు ఆ చారు గుర్తొచ్చింది, తల వంచుకుని తినడం గుర్తొచ్చింది. ఆయన నాకు ఈ సంగతి ఎప్పుడైనా చెప్పి ఉండవచ్చు. పెళ్ళిచూపుల్లో అన్నీ చెప్పిన మనిషి ఇదొక్కటి చెప్పలేదు. కొడుక్కీ చెప్పలేదు. చెప్పి ఉంటే మావారు తండ్రితో ముప్ఫై ఏళ్ళు ముక్తసరిగా మాట్లాడేవారు కాదు కదా అని కోపం కూడా వచ్చింది. ఒప్పు చేశారో తప్పు చేశారో నాకిప్పటికీ తేలలేదు. తమ్ముడి బాకీ తీర్చడానికి కొడుకు దగ్గర అప్పు చేశారు, అంతవరకూ తెలుసు.

తిరిగి వస్తూ కూర్మన్నపాలెంలో ఆటో ఆపించారు. శిబిరంలో కుర్చీ వేసి కూర్చోబెట్టి మైకు ఇచ్చారు. నాకు భయం వేసింది, ఎవర్నేమంటారోనని. ఆయన ఎక్కువ మాట్లాడలేదు. "కొత్తకోడల్ని తెచ్చి, వంటిల్లిచ్చి, బియ్యం డబ్బా మాత్రం ఇయ్యలేదు. రోజూ కొట్టులో కొనుక్కుని వొండమన్నారు. ఇప్పుడు ఇది సంసారానికి పనికిరాదు, అమ్మేద్దాం అంటన్నారు. సొంత గనులిచ్చి సూడండి, అప్పుడు మాటాడండి" అన్నారు. దేశంలో పెద్ద ఉక్కు ఫ్యాక్టరీలకి సొంత ఇనుప గనులున్నాయి, విశాఖకి లేవు. ఆ సంగతి పేపర్లలో ఎన్నోసార్లు చదివాను గాని, ఆ రోజు గాని నాకు అర్థం కాలేదు. ఆడవాళ్ళందరూ చప్పట్లు కొట్టారు.

2022 ఆగస్టులో మావయ్యగారు పోయారు. రెండ్రోజుల జ్వరం, అంతే. పాడె ముందు భుజం మావారిది, రెండో భుజం బావగారిది. వన్‌టౌన్ సందులు దాటేదాకా ఇద్దరూ మాట్లాడుకోలేదు. ఆయన ట్రంకుపెట్టెలో డాక్ లేబర్ బోర్డు గుర్తింపు బిళ్ళ, అమ్మవారి కుంకుమ పొట్లం, తమ్ముడి పేరున పాత శిస్తు రసీదు ఒకటి దొరికాయి. ఆ రసీదు తీసుకెళ్ళి మావారికిచ్చి, చినత్తయ్య చెప్పిందంతా అప్పుడు చెప్పాను. విని, రసీదు మడిచి చొక్కా జేబులో పెట్టుకుని, పనికి వెళ్ళిపోయారు.

2025 జనవరిలో కేంద్రం స్టీలు ప్లాంటుకి 11,440 కోట్ల రూపాయల ప్యాకేజీ ఇచ్చింది. మావయ్యగారు ఉంటే ఎలాగూ ఏదో ఒకటి అనేవారే. "బియ్యం డబ్బా ఏదీ?" అని ఉంటారని మా అమ్మాయి అంటుంది.

ఆ ఏడు శివరాత్రికి, ఫిబ్రవరి 26న, నేను అప్పికొండకి సర్దుకుంటుంటే మావారు స్నానం చేసి పంచె కట్టుకుని వచ్చి గుమ్మంలో నిలబడ్డారు. డ్యూటీ లేదా అని అడగబోయి మానేశాను. అందరం వెళ్ళాం. దర్శనం చేసుకుని బయటికొచ్చేసరికి బావగారు మా కోసం ఇసకలో చాప పరిచి ఉంచారు. వయసొచ్చింది ఆయనకీ, జుట్టంతా తెల్లబడింది. మా అమ్మాయి పొగగొట్టాల వైపు చూస్తూ, "తాతయ్య వాళ్ళ ఊరు ఎటువైపు నాన్నా?" అని అడిగింది. బావగారు చెప్పబోయి ఆగి, మావారి వైపు చూశారు.

మావారు కాసేపు చూసి, చెయ్యి ఎత్తి చూపించి, "ఆ రెండో గొట్టం కింద మా చిన్నాన్న పొలం ఉండేదమ్మా. కదన్నా?" అన్నారు.

"రెండోది కాదురా, మూడోది" అన్నారు బావగారు.

ఇద్దరూ లేచి, అది రెండోదో మూడోదో తేల్చుకోవడానికి గట్టు మీదకి నడిచారు. చినత్తయ్య చిలగడదుంపల గిన్నె నా వైపు జరిపింది.